బల్ల రొట్టెకు పట్టిన బూజు

నా చిన్నప్పుడు, దిల్‌సుఖ్‌నగర్ ఇంకా ఊరూ కాక పొలమూ కాక ఉన్న రోజుల్లో, ఒక డబల్ రొట్టె మా అమ్మను దోషిని చేసింది. బ్రెడ్డును మేమప్పుడు అలాగే పిలిచేవాళ్ళం. ఆ నింద వేసిన పెద్దమనిషి చనిపోయి చాలాకాలమైంది. ఆయన పేరు చెక్కిన రాయి మా చర్చి గోడకు ఇప్పటికీ ఉంది. దాని ముందు నుంచి నడవాల్సి వచ్చినప్పుడల్లా నేను ముఖం పక్కకు తిప్పుకుంటాను. పోయినవాళ్ళ మీద ఇంకా కోపమెందుకమ్మా అంటారు మా పిల్లలు. పోయింది ఆయన, ఆయన అన్న మాట కాదు. మాటలు మరిచిపోయే గుణం దేవుడు నాకివ్వలేదు. అయితే ఇది రాస్తున్నది ఆయన కోసం కాదు. ఆ రోజుల్లో మాకు అండగా నిలిచిన పక్కింటి అక్క కోసం.

అది తెలంగాణ కావాలని జనం మొదటిసారి రోడ్ల మీదికి వచ్చిన ఏడాది. నేను నాలుగో తరగతి. బడికి తాళం పడి చాలా రోజులైంది. సిటీలో కాల్పులు జరిగాయనీ, కర్ఫ్యూ పెట్టారనీ వార్తలు వచ్చేవి. మా వైపు కాల్పులు లేవు కానీ బంద్ అన్న మాట వినబడితే చాలు, దుకాణాల తలుపులు మూసుకునేవి. మా నాయన ద్రాక్షతోటలో కాపలా ఉండేవాడు. ఇప్పుడు ఎల్బీ నగర్‌లో జనం మెట్రో దిగి పరుగులు పెట్టే చోటికి కొంచెం అవతల, అప్పుడు బండరాళ్ళూ పందిళ్ళూ తప్ప ఏమీ ఉండేవి కావు. అమ్మ సిటీలో ఒక ప్రసూతి దవాఖానలో ఆయా. పుట్టిన పిల్లలకు మొదటి స్నానం ఆమె చేతుల మీదనే జరిగేది. చేపపిల్లలా జారిపోయే పసికందును ఒక్క అరచేతిలో నిలిపి రెండో చేత్తో నీళ్ళు పోసేదని, అమ్మతో పనిచేసిన వాళ్ళు తర్వాత ఎంతోమంది నాతో చెప్పారు.

కానీ మా సొంత తమ్ముడు ఆ చేతుల్లో నిలవలేదు. అంతకుముందు ఏడాది పుట్టాడు. మమ్మల్ని చూసి నవ్వడం నేర్చుకోక ముందే జ్వరంతో పోయాడు. అమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. మేమూ ఎత్తేవాళ్ళం కాదు.

మేము కిరాయికి ఉన్న ఆవరణలో రెండు వాటాలుండేవి. మాదొకటి. రెండోది కోస్తా నుంచి వచ్చిన ఒక గుమాస్తా కుటుంబానిది. ఆయన కూతురే నేను చెబుతున్న అక్క. కాలేజీలో సైన్సు చదివేది. కాలేజీ కూడా మూతపడటంతో రోజంతా మా రెండు వాటాల మధ్య ఉన్న పిట్టగోడ మీద కూర్చుని నాకు లెక్కలు చెప్పేది. మా నాయనకు రావలసిన చిన్న సర్కారు కొలువొకటి కోస్తా నుంచి వచ్చిన ఎవరికో పోయిందని మా ఇంట్లో బాధ ఉండేది. నాయన సభలకు పోయేవాడు, గొంతు బొంగురుపోయేదాకా జై తెలంగాణ అని అరిచి వచ్చేవాడు. వచ్చి, గడపలో అక్క ఎదురైతే మాత్రం "తిన్నవా బిడ్డా?" అని అడిగేవాడు. "నౌకరి పోయింది నిజం. గా పిల్ల ఏం జేసింది?" అనేవాడు అమ్మతో. నాకు ఆ రెండు మాటల మధ్య పేచీ ఏమీ కనబడేది కాదు. ఇప్పటికీ కనబడదు.

మా చర్చి అప్పుడు ఒక రేకుల షెడ్డు. నెలకోసారి జరిగే ప్రభు భోజనాన్ని మేము 'బల్ల' అంటాం. ఆ బల్ల మీద విరిచే రొట్టె తెచ్చే పని మా అమ్మది. పల్లెనుంచి వచ్చి ఇంకొకరి పిల్లల మలమూత్రాలు కడిగే మనిషికి అదొక్కటే గౌరవం. మామూలుగా శనివారం సాయంత్రం దవాఖాన నుంచి వస్తూ మలక్‌పేట్ దగ్గర బేకరీలో, పొద్దున కాల్చి అరల్లో పెట్టిన రొట్టె తెచ్చేది. ఆ నెల మాత్రం గురువారం నుంచి అన్నీ బంద్ అని చెప్పుకున్నారు. అందుకని బుధవారమే బేకరీకి పోయింది. జనం ఎగబడి అరలన్నీ ఖాళీ చేశారట. భట్టీలోంచి అప్పుడే తీసిన రొట్టె దొరికింది. కాలుతున్న దాన్ని కాగితంలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచి వచ్చింది. నాకోసం ఒక పగిలిన బన్ను కూడా తెచ్చింది.

వానలు మొదలైన రోజులవి. బల్ల రొట్టెను చుట్టడానికి ఒక తెల్లబట్ట ప్రత్యేకంగా ఉండేది. ఉతికి ఆరేసినా అది ఎండలేదు. ఇంట్లో పొడిబట్టలు వేరే ఉన్నాయి, కానీ అవి మేము వాడుకునేవి. అమ్మ కాసేపు ఆలోచించి, దేవుని రొట్టెకు మైలబట్ట తగిలించలేనంది. ఆ చెమ్మ బట్టలోనే వేడి రొట్టెను చుట్టి, గట్టి మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టి, దాన్ని ట్రంకుపెట్టెలో, పెట్టెను మంచం కింద గోడవారగా పెట్టింది. చీమ దూరకూడదు, మా చేతులు తగలకూడదు, గాలి కూడా సోకకూడదు. ఇల్లంతటిలో అంతకంటే భద్రమైన చోటు లేదు. నా బన్నును మాత్రం ఎవరూ అంత పట్టించుకోలేదు. సగం తిని సగం దాచుకోవడం నా అలవాటు. ఆ సగాన్ని పొయ్యి పక్కన వేలాడే ఉట్టిమీది వెదురుబుట్టలో పడేశాను. ఆదివారం పొద్దున అది గట్టిపడి ఉంది. చాయలో ముంచుకుని తిని అమ్మ వెంట చర్చికి పోయాను.

ఆ రోజు బంద్ వల్ల పాస్టరు అయ్యగారు సిటీ నుంచి నడిచి వచ్చారు. బల్ల దగ్గర ఆయన పక్కన నిలబడ్డది మా సంఘపెద్ద. గంజిపెట్టిన తెల్లధోవతి కట్టి, గడ్డం నున్నగా గీసుకుని, మాట కూడా అలాగే గీసినట్టు మాట్లాడే మనిషి. పాట అయిపోయాక డబ్బా తెరిచి బట్ట విప్పాడు. తడిసిన గోనెసంచి వాసన ముందు వరుసలో కూర్చున్న నా దాకా వచ్చింది. రొట్టె పైభాగమంతా, తోమకుండా వదిలేసిన రాగిచెంబుకు చిలుము పట్టినట్టు, ఆకుపచ్చగా, నూగునూగుగా ఉంది.

అమ్మే లేచి నిలబడింది.

"పెద్దయ్యా, బంద్ అన్నరని బుధారం నాడే తెచ్చిన…"

"బుధారం తెచ్చినా బేస్తారం తెచ్చినా రొట్టె రొట్టెనే చెల్లె. పెట్టిన చెయ్యి ఎసొంటిదో గది జూస్కోవాలె. నీ ఇంట్లకు ఎవలొస్తున్నరో ఎవలు పోతున్నరో మాకు తెల్వదనుకున్నవా?" అన్నాడాయన, పక్కింటి కోస్తా వాళ్ళ రాకపోకలను ఎత్తిపొడుస్తూ. అక్కడితో ఆపితే నేనూ ఇంతకాలం మోసేదాన్ని కాదేమో. ఆపలేదు. "నీ చేతుల ఏది పెట్టినా నిలుస్తలేదు. నిన్ను నువ్వు పరీక్ష జేస్కో. అప్పటిదాంక బల్లకు దూరం ఉండు."

నీ చేతుల ఏది పెట్టినా నిలుస్తలేదు. ఆ మాట రొట్టె గురించి మాత్రమే కాదని ఆ షెడ్డులో తెలియని వాళ్ళు లేరు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎంతసేపు తుడుచుకున్నారో నాకు గుర్తుంది. చాప మీద అమ్మ పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు కొంగు సర్దుకుంటున్నట్టు సర్దుకుంటూ అవతలికి జరిగారు. వాళ్ళెవరో కూడా గుర్తుంది.

ఇంటికి వచ్చాక అమ్మ ఏడవలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు ముద్ద కలిపి పెట్టడం మానేసింది. అన్నం వండేది, వడ్డించమని నాకు గరిటె ఇచ్చేది. ఊరగాయ జాడీ మూత నా చేతనే తీయించేది. తల కూడా దువ్వలేదు. నేను తప్పు చేశానేమో, అందుకే తాకడం లేదనుకుని తిరిగాను. అసలు సంగతి నాయన ద్వారా బయటపడింది. అమ్మ దవాఖానలో పెద్ద నర్సమ్మను బతిమాలి, పసిపిల్లల దగ్గరినుంచి తప్పించుకుని వరండాలు ఊడ్చే పనికి మారిందట.

"ఎందుకే? దినాం ఎదురుజూసి జేసే పని గది" అని నాయన అడుగుతుంటే నేను తలుపు చాటున ఉన్నాను.

"పిల్లగాడు నిలువలే. రొట్టె నిలువలే. ఇంక మంది పిల్లలను పట్టుకోని ఏం జెయ్యాలె?"

"గాయన నోటికొచ్చిందల్లా అంటడు. నువ్వు నెత్తికి ఎక్కిచ్చుకుంటవా?"

"గాయన అన్నడని కాదు" అంది అమ్మ మెల్లగా. "పిల్లగాడు పోయిన కాడికెల్లి నాకు లోపల గట్లనే అనిపిస్తున్నది. గాయన బయటికన్నడు, గంతే."

అన్యాయం చేసినవాడు ఎదురుగా ఉంటే కొట్లాడవచ్చు. అమ్మ తన మీద తానే తీర్పు చెప్పుకుని కూర్చుంది.

నా వరకు నేను ఒక నిర్ణయానికి వచ్చాను. కొత్తపేటలో సంఘపెద్ద ఇంటి పెంకుల మీదికి రాళ్ళు విసరాలి. మంచి గుండ్రటి రాళ్ళు ఏరి పిట్టగోడ మీద పేర్చుకుంటుంటే అక్క చూసి, ఎందుకని అడిగింది. చెప్పాను.

"రాయి వేస్తే ఏమవుద్దే? పెంకు పగులుద్ది. మీ అమ్మకి పసిపిల్లల్ని ఎత్తుకునే ధైర్యం వస్తుందా?" అంది.

అక్క గోడ ఎక్కి నా పక్కన కూర్చుని, కోర్టులో ప్లీడరులా ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. రొట్టె వేడిగా ఉందా, చల్లగా ఉందా? ఏ బట్టలో చుట్టింది? డబ్బా ఎక్కడ పెట్టింది? ఆ గోడకు చెమ్మ ఉందా? నాకు విసుగొచ్చింది. మా అమ్మ కుమిలిపోతుంటే ఈమెకు గోడ చెమ్మ కావాలా అనుకున్నాను. చివరికి ఆమె, "మరి నీ బన్నేమైంది?" అంది.

"తిన్న."

"బాగానే ఉందా?"

"రాయి లెక్క అయింది. చాయల ముంచుకోని తిన్న."

"దాన్ని తెచ్చిందెవరు?"

"అమ్మనే" అన్నాను. అని, ఆగిపోయాను. ఒకే భట్టీ, ఒకే రోజు, అదే చెయ్యి. అక్క నా ముఖంలోకి చూసి, గోడ దిగి మా వాటాలోకి వెళ్ళింది.

"పిన్నీ, నాకో డబల్ రొట్టె తెచ్చిపెట్టాలి. భట్టీలోంచి తీసింది తీసినట్టే కావాలి."

"మీ నాయనతోని తెప్పిచ్చుకో బిడ్డా. నా చెయ్యి ఎందుకు?"

"మీ చేతులతో తెచ్చిందే కావాలి."

అమ్మ మొండిది. కానీ అక్క అంతకంటే మొండిదని ఆ రోజే తెలిసింది. దుకాణాలు తెరిచిన రోజు చూసుకుని అమ్మ రొట్టె తెచ్చింది. అక్క అప్పటికే ఒకే రకం రేకు డబ్బాలు వేడినీళ్ళతో కడిగి తుడిచి ఉంచింది. రొట్టెను అమ్మ చేతనే నాలుగు ముక్కలు కోయించింది. ఒక ముక్కను అమ్మ ఆ రోజు చేసినట్టే చెమ్మబట్టలో చుట్టి డబ్బాలో పెట్టింది. ఇంకో ముక్కను అదే అమ్మ చల్లారనిచ్చి, పొడిబట్టలో వదులుగా చుట్టి, ఉట్టిమీది బుట్టలో పెట్టింది. మూడో ముక్కను అక్క తలస్నానం చేసి వచ్చి, తన దేవుడికి దండం పెట్టుకుని, చెమ్మబట్టలో చుట్టి తన డబ్బాలో మూసింది.

"నాలుగోది ఆ పెద్దాయన చేత పెట్టించాలి" అంది.

ఆమె తల్లి ఆ మాట విని బయటికి పరిగెత్తుకొచ్చింది. "నీకేమన్నా మతిపోయిందా? ఈ రోజుల్లో ఆ వీధిలోకెళ్ళి నోరు తెరిస్తే చాలు, మన కోస్తా యాస పట్టేస్తారు" అని చెయ్యి పట్టుకుని లాగింది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మా వీధి చివర గోడల మీద, వెళ్ళిపొమ్మని రాసిన రాతలు అందరమూ చూస్తూనే ఉన్నాం. నాయన తువాలు భుజాన వేసుకుని, "నేను మలుపు కాడ నిలబడతా అమ్మా, ఏం గాదు" అన్నాడు.

కొత్తపేట మలుపులో కిళ్ళీకొట్టు దగ్గర కుర్రాళ్ళ గుంపు ఉంది. "ఎవలింటికి?" అన్నాడొకడు అక్కను చూస్తూ. అక్క పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. ముందుకొచ్చి నేనే చెప్పాను: "పెద్దయ్య ఇంటికి పోతున్నం. గీమె మా అక్క." నాది వాళ్ళ యాసే కాబట్టి దారిచ్చారు. అక్క వేళ్ళు నా చేతిలో చల్లగా ఉన్నాయి. రొట్టె ముక్క మాత్రం కాగితంలో ఇంకా గోరువెచ్చగానే ఉంది.

సంఘపెద్ద అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో ఆయన భార్య చాటలో బియ్యం ఏరుతోంది. అక్క నమస్కారమండీ అనగానే ఆయన కనుబొమలు లేచాయి.

"ఓహో, కోస్తా మాట! మాతోని మీకేం పనమ్మా? అన్ని పనులు మీరే తీస్కుంటిరి కద."

"ఈ ఒక్క పనీ మీరే చెయ్యాలండీ. మా వల్ల కాదు" అంది అక్క. చాట వెనక నవ్వు వినబడింది. సంఘపెద్ద అటు ఒకసారి ఉరిమి చూశాడు.

అక్క ఏమీ దాచలేదు. రొట్టె చెడింది చేతి వల్లనా, పెట్టిన తీరు వల్లనా చూద్దామనుకుంటున్నామనీ, మంచి చెయ్యి అని అందరూ ఒప్పుకునే చెయ్యి ఒకటి కావాలనీ చెప్పింది. ఆయనకు కోపం రావలసింది. వచ్చినట్టే వచ్చి, ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. కాదంటే తన చేతి మీద తనకే నమ్మకం లేనట్టవుతుంది కదా.

"పెట్టుండ్రి మరి. మీ చేతుల నిలవకపోతదా?" అంది భార్య, బియ్యం మీదినుంచి తలెత్తకుండా.

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. మేము తెచ్చిన చెమ్మబట్ట ఎందుకని అడిగాడు, ఆ రోజు అలాగే చుట్టారని అక్క చెప్పింది. చుట్టి, మా డబ్బాలో పెట్టి, మూత మీద అరచేత్తో ఒక్కటి కొట్టి, "ఆదివారం నేనే పట్టుకొస్త. అప్పుడు మాట్లాడుదాం" అన్నాడు.

దారిలో నేను గంతులు వేస్తూ, "ఆయనది గూడ చెడిపోవాలె, ఆయనది గూడ చెడిపోవాలె" అంటున్నాను. అక్క ఆగి నా భుజం పట్టుకుంది. "ఆయన్ని ఓడించడానికి కాదే ఇదంతా. మీ అమ్మ చూడాలి. అంతే" అంది. ఆ మాట నాకప్పుడు నచ్చలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. కానీ అందులో తేడా ఉందని తెలుసు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మా పిట్టగోడ దగ్గర అందరం నిలబడ్డాం. సంఘపెద్ద రాలేదు. అక్క తన డబ్బా తెరిచింది. ఆకుపచ్చ. అమ్మ పెట్టిన డబ్బా తెరిచింది. ఆకుపచ్చ. అమ్మ ముఖం వాడిపోయింది. ఆ రెండు పక్కపక్కనే ఉన్నా ఆమె కళ్ళు తన డబ్బానే చూశాయి. అప్పుడు అక్క ఉట్టిమీది బుట్ట దింపించి అమ్మ చేతికిచ్చి, మీరే విప్పండి పిన్నీ అంది. బట్ట విప్పితే ముక్క ఎండి, అంచులు గట్టిపడి, ఒక్క మచ్చ లేకుండా ఉంది.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన చూసింది. "గిది గూడ నేను పెట్టిందే కద" అంది, ఎవరినీ కాదు, తనను తానే అడుగుతున్నట్టు.

అంతలో గేటు చప్పుడైంది. సంఘపెద్ద భార్య కొంగు కింద ఏదో దాచుకుని వచ్చింది. నాలుగో డబ్బా. గోడ మీద పెట్టి మూత తీసింది. అందులోది అన్నిటికంటే దట్టంగా, నల్లటి చుక్కలతో సహా మొలిచి ఉంది.

"ఆయన బయట పారెయ్యమన్నడు. నేనే తెచ్చిన" అంది. "ఏమంటడో తెల్సా? డబ్బ మీదాయె, గందుకే చెడిందంట." నవ్వబోయి, అమ్మ ముఖం చూసి ఆపుకుంది. దగ్గరికి వచ్చి అమ్మ మోచెయ్యి పట్టుకుంది. "చెల్లె, మా ఇంట్ల గూడ మొలిచింది" అంది. డబ్బా అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఆ ఇంటి మీద నాకున్న కోపంలో ఆమె వంతు ఆ రోజే కొట్టివేశాను.

అక్క అమ్మకు చెప్పిన తీరు నాకు బాగా గుర్తుంది. బూజుకు విత్తనాల్లాంటివి ఉంటాయనీ, కంటికి కనబడనంత సన్నగా గాలిలో తిరుగుతుంటాయనీ, మన ఇల్లూ పెద్దాయన ఇల్లూ అన్న తేడా వాటికి లేదనీ చెప్పింది. అవి పొడి రొట్టె మీద పడితే ఊరికే పడి ఉంటాయి. తడి దొరికితే మొలుస్తాయి. వేడి రొట్టెను మూసేస్తే దాని ఆవిరి మూతకు తగిలి మళ్ళీ దాని మీదే కారుతుంది. దానికి చెమ్మబట్ట తోడైంది, గాలి ఆడని పెట్టె తోడైంది, వానాకాలం ఉక్క తోడైంది. "నారుమడి ఇంతకంటే బాగా ఎవరూ తయారుచెయ్యలేరు పిన్నీ" అంది.

"అంటే నేను పాణం లెక్క జూస్కున్నందుకే చెడిపాయెనా?"

"చూసుకోవడం తప్పు కాదు. చల్లారనిచ్చి, పొడిబట్ట చుట్టి, కాస్త గాలి తగలనిస్తే చాలు."

అమ్మ ఆ ఎండిన ముక్కను మళ్ళీ బట్టలో చుట్టింది. తర్వాత, తలెత్తకుండానే, "మరి పిల్లగాడు బిడ్డా?" అంది.

అక్క చదువుకున్న పిల్ల. ఏదో ఒకటి చెప్పి అమ్మ మనసు తేలిక చెయ్యగలిగేది. చెప్పలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అది నాకు తెలీదు పిన్నీ. నేను చదివిన పుస్తకాల్లో అంత లేదు. జ్వరం ఎందుకొచ్చిందో, ఎందుకు తగ్గలేదో నేను చెప్పలేను. కానీ ఈ ముక్క పెట్టిన చేతుల్లో ఏ దోషమూ లేదు. అది ఇప్పుడు మీరే చూశారు" అంది.

అప్పుడు అమ్మ ఏడ్చింది. తమ్ముడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదని నాయన తర్వాత చెప్పాడు. ఏడ్చి, ముఖం కడుక్కుని, చాయ పెట్టింది. ఎండిన ఆ ముక్కను విరిచి చాయలో ముంచి, ముందు నా నోట్లో పెట్టింది, తర్వాత అక్క నోట్లో. మర్నాడు దవాఖానకు పోయి, తన పాత పని తనకిమ్మని అడిగింది. ఉద్యోగం విరమించే దాకా ఆ చేతులు పసిపిల్లలకు నీళ్ళు పోస్తూనే ఉన్నాయి.

సంఘపెద్ద మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదు. తర్వాతి నెల అమ్మ ఎవరినీ అడగకుండా ముందు వరుసలో కూర్చుంది. అయ్యగారు ఆమెకు రొట్టె ఇచ్చారు. సంఘపెద్ద కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. బల్ల రొట్టె తెచ్చే పని అమ్మకు మళ్ళీ ఇవ్వలేదు. పెద్దయ్యాక నేను ఈ సంగతి సంఘం సమావేశాల్లో ఎత్తాను. పాత విషయాలు తవ్వొద్దమ్మా అన్నారు. అమ్మ పోయాక కూడా ఎత్తాను. ఎత్తుతూనే ఉంటాను.

వానలు తగ్గుముఖం పట్టాక అక్కవాళ్ళు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. మా వీధిలో ఎవరూ వాళ్ళను తరమలేదని ఇప్పటికీ అంటారు. నిజమే, మెడపట్టి ఎవరూ గెంటలేదు. కానీ గోడల మీది రాతలను ఎవరూ చెరపలేదు కూడా. కుళాయి దగ్గర అక్క తల్లి బిందె పక్కకు నెట్టి తమది పెట్టుకున్న వాళ్ళు నాకు తెలుసు. మాకు అన్యాయం జరిగింది, మా ఉద్యమం న్యాయమైనది, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. అయినా ఆ బిందె సంగతి నేను మరిచిపోలేదు. సామాను లారీలోకి ఎక్కిస్తుంటే అక్క నా తలమీద చెయ్యి వేసి, లెక్కలు మానొద్దంది. మళ్ళీ ఆమెను చూడలేదు.

అక్క నేర్పింది నేను సగమే నేర్చుకున్నానని ఒప్పుకుంటాను. క్షమించడం నాకు రాలేదు, ఆమె ప్రయత్నం చేసినా. కానీ ఏదైనా చెడిపోయినప్పుడు, ఎవరు తాకారని అడిగే ముందు, ఎక్కడ పెట్టారు, ఎలా మూశారు, తడి ఎక్కడినుంచి వచ్చింది అని అడగడం మాత్రం నాకు ఒంటబట్టింది.

ఇప్పుడు నేను బడంగ్‌పేట్‌లో ఉంటున్నాను. మొన్న వానాకాలంలో పక్కింట్లో ఆవకాయ జాడీకి బూజు పట్టింది. బయటున్న రోజుల్లో కోడలు ముట్టుకుందనీ, ఆ పిల్ల చెయ్యి మంచిది కాదనీ అత్తగారు వీధి వినేలా అంటోంది. పెళ్ళై ఏడాది తిరగని ఆ పిల్ల వంటింటి గుమ్మంలో, రెండు చేతులూ కొంగులో దాచుకుని నిలబడి ఉంది. ఆ చేతులు చూశాక నేను మా ఇంట్లో కూర్చోలేకపోయాను. వెళ్ళి, జాడీ ఎక్కడ పెట్టారమ్మా అన్నాను. మీకెందుకండీ, ఇది మా ఇంటి సంగతి అంది ఆవిడ. గరిటె తడిదా, పొడిదా అన్నాను. పేచీకోరు మనిషి అంది. పై నూనె తేలి ఉందా, ముక్కలు తేలి ఉన్నాయా అన్నాను. మా అబ్బాయి వచ్చి, వచ్చెయ్యమ్మా అని నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని, ఆవిడ తన నోటితో జవాబు చెప్పేదాకా ఆ గడపలోనే నిలబడ్డాను.